మూసా రాం, మూసా రహీం: ఫ్రెంచి సేనాని రేమండ్ జీవితం

అమీర్‌పేటలోనో పంజగుట్టలోనో మెట్రో రైలెక్కి ఎల్.బి. నగర్ వైపు ప్రయాణించే మన విద్యార్థులకు మలక్‌పేట దాటిన పిమ్మట, దిల్‌సుఖ్‌నగర్‌కు ముందుగా, మూసారాంబాగ్ అనే స్టేషను తగులుతుంది. 2018 సెప్టెంబరులో ఆ మార్గం తెరచినప్పటి నుండి రోజుకు ఎన్ని వేలమంది నోట ఆ పేరు పలుకుతున్నదో లెక్కలేదు. మూసారాం ఎవరని అడిగితే మాత్రం ఒకరు ఎవరో సాధువంటారు, ఒకరు మూసీనది పేరే అలా మారిందంటారు. ఆయన సాధువు కాడు, ఆ పేరుకు నదితోనూ సంబంధం లేదు. ఫ్రాన్సు దేశం నుండి వచ్చి, నిజాం ప్రభువు కొలువులో వేలాది సిపాయిలకు నాయకుడై, ఈ నగరంలోనే కన్నుమూసిన సేనాని మిషెల్ జోషిమ్ మారీ రేమండ్ ఆయన. ఫ్రెంచివారు పెద్దమనుషులను సంబోధించే మొస్యూ అన్న మాట మన నాలుకపై మూసా అయింది. రేమండ్ అన్నది హిందువులకు రాం గాను, ముస్లిములకు రహీం గాను వినిపించింది. ఒక మనిషిని రెండు మతాలవారు రెండు పేర్లతో తమవాడనుకున్న ఉదాహరణలు దక్కనులో కొన్ని ఉన్నాయి గాని, ఆ మనిషి ఐరోపా క్రైస్తవుడు కావడం అరుదు. మా కళాశాల పత్రికలో ఉర్దూ పుటలు ఒక వైపు, తెలుగు పుటలు మరొక వైపు ఉంటాయి కనుక, ఆయన జీవితాన్ని ఇక్కడ చెప్పుకోవడం సముచితమని మేము తలచాము.

రేమండ్ కథ అర్థం కావాలంటే ముందుగా ఆనాటి ఐరోపా రాజకీయాలను కొంత తెలుసుకోవాలి. పదునెనిమిదవ శతాబ్దంలో ఆ ఖండపు రాజులు తమ సింహాసనాల తగవులను ప్రపంచమంతటా తీర్చుకున్నారు. ఆస్ట్రియా వారసత్వం కొరకు వియన్నాలో మొదలైన కలహం ఆర్కాటులోను, తిరుచిరాపల్లిలోను తుపాకుల మోతగా వినిపించింది. ఫ్రెంచి కుంపిణీ గవర్నరు డూప్లే పంపగా బుస్సీ అనే సేనాని 1751లో దక్కను చేరి, సలాబత్ జంగ్‌ను గద్దెపై కూర్చుండబెట్టి, 1753లో శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం సర్కారులను తన సైన్యపు ఖర్చుల నిమిత్తం వ్రాయించుకున్నాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట నేలమట్టమైనది ఆ బుస్సీ కాలంలోనే. తెలుగు పిల్లలందరికీ బొబ్బిలి యుద్ధం తెలుసు గాని, అది పారిస్, లండన్ నగరాల మధ్య నడిచిన చదరంగంలో ఒక ఎత్తు అన్న సంగతి పాఠ్యపుస్తకాలు గట్టిగా చెప్పవు. ఏడేండ్ల యుద్ధంలో ఫ్రాన్సు ఓడింది. 1763 నాటి పారిస్ సంధితో పుదుచ్చేరి వంటి కొన్ని వర్తక స్థానాలు తప్ప ఇక్కడ ఫ్రెంచివారికి ఏమీ మిగలలేదు. సామ్రాజ్యం పోయిన జాతికి చెందిన సాహసవంతులు స్వదేశీ ప్రభువుల కొలువులను వెదుక్కుంటూ బయలుదేరారు. అటువంటివారిలో రేమండ్ ఒకడు.

ఆయన 1755లో ఫ్రాన్సు నైరృతి ప్రాంతమైన గాస్కొనీలో, సెరిన్యాక్ అనే చిన్న గ్రామంలో, ఒక వర్తక కుటుంబంలో జన్మించాడు. 1775లో, ఇరువది యేండ్ల ప్రాయంలో, వ్యాపారం చేయాలనే తలంపుతో పుదుచ్చేరికి వచ్చాడు. వ్యాపారం ఎంతోకాలం సాగలేదు. తక్కెడ వదలి కత్తి పట్టి మైసూరు హైదరాలీ కొలువులోని ఫ్రెంచి దళంలో చేరాడు. 1783లో బుస్సీ వృద్ధాప్యంలో, వ్యాధిపీడితుడై, రెండవసారి హిందూదేశానికి వచ్చినప్పుడు రేమండ్ ఆయనకు అంగరక్షకాధికారిగా పనిచేశాడు. ముప్పది సంవత్సరాల క్రిందట హైదరాబాదు రాజకీయాలను చేతిలో పెట్టుకొని ఆడించిన వృద్ధుని చెంత ఆ యువకుడు ఏమేమి విన్నాడో మనకు తెలియదు గాని, 1785 జనవరిలో బుస్సీ మరణించిన మరుసటి సంవత్సరమే ఆయన అడుగులు హైదరాబాదు వైపు పడ్డాయి.

అప్పుడు ఇక్కడ ప్రభువు రెండవ ఆసఫ్ జా నిజాం అలీఖాన్. అన్న సలాబత్ జంగ్‌ను 1762లో చెరసాలకు పంపి రాజ్యాన్ని చేజిక్కించుకున్నవాడు. రాజధానిని ఔరంగాబాదు నుండి హైదరాబాదుకు మార్చినవాడు. ఆయనకు మూడు వైపులా భయమే. పడమట మరాఠాలు చౌతు బకాయిల పద్దు విప్పుతూ ఉండేవారు, దక్షిణాన టిప్పు సుల్తాను, తూర్పు కోస్తాలో ఆంగ్లేయులు. రాజ్యపు అశ్వదళం జాగీరుదార్ల చేతిలో ఉండేది. ఎవరి గుర్రాలు వారివి, ఎవరి జెండా వారిది. వారిలో ప్రముఖులు పాయగా వంశీయులు. నిజాం స్వంత బలగాల నాయకత్వం ఆ కుటుంబానిదే. అమీరె కబీర్ అన్న వారి బిరుదు నుండే మన అమీర్‌పేటకు ఆ పేరు వచ్చిందంటారు. గుర్రపు రౌతులకు కొదవ లేదు. లేనిది కవాతు నేర్చిన పదాతి దళం. వరుస చెదరక నిలబడి, ఆజ్ఞ విని ఒక్కుమ్మడిగా తుపాకులు ప్రేల్చే సిపాయిల ముందు ఎంతటి అశ్వదళమైనా ఆగిపోతుందని ఆ శతాబ్దపు యుద్ధాలన్నీ నిరూపించాయి.

రేమండ్ 1786లో నిజాం కొలువులో చేరినప్పుడు ఆయన క్రింద ఉన్నవారు మూడు వందలమంది మాత్రమే. వారి తుపాకులు సైతం స్వంతం కావు. ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద తుపాకీ ఒక్కంటికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చుకున్నారని చెబుతారు. అద్దె తుపాకుల ఆ చిన్న దళం పదేండ్లలో పదివేలు దాటింది. ఇది ఎట్లా సాధ్యమైనదో కొంచెం నిలిచి చూడాలి. మా దృష్టిలో రేమండ్ ప్రతిభ యుద్ధభూమిలో కంటె జీతాల పద్దులో ఎక్కువగా కనబడుతుంది. ఆనాటి దేశీయ సైన్యాలన్నిటికీ ఉన్న రోగం బకాయి. నెలల తరబడి జీతం ముట్టని సిపాయి సర్దారు గుడారం ముందు ధర్నా కూర్చునేవాడు, లేదా దారిలో ఊరు దోచేవాడు, లేదా ఎక్కువ ఇస్తానన్నవాని వద్దకు పోయేవాడు. రేమండ్ తన దళపు ఖర్చును ఖజానా దయాదాక్షిణ్యాలకు వదలక, భూముల రాబడిని దానికై కేటాయింపజేసుకున్నాడు. ప్రతి పటాలానికి ఐరోపా అధికారులను నియమించాడు. ఫిరంగులు పోత పోయించాడు. నేడు ఫతే మైదాను ప్రక్కన తోప్ కా సాంచా, ఆంగ్లంలో గన్‌ఫౌండ్రీ అని పిలిచే చోటు ఆ కర్మాగారానిదే. ఫిరంగికి గుండు, తుపాకికి మందు, సిపాయికి జీతం ఈ మూడూ తన చేతిలోనే ఉండటం వలన ఆ దళం దర్బారులో ఏ అమీరు మీదా ఆధారపడలేదు. సిపాయిలు ఆయనను ప్రేమించారనడానికి ఇంతకంటె పెద్ద కారణం వెదకనక్కరలేదు. ఆయన స్వభావరీత్యా ఉదారుడని, మాట తప్పేవాడు కాడని శత్రువులైన ఆంగ్లేయులే ఒప్పుకున్నారు.

నిజాం ఆయనకు అజ్దర్ జంగ్ అనే బిరుదును, జాగీరును ప్రసాదించాడు. ఆయన నవాబుల వలెనే జీవించాడు. విశాలమైన భవనం, తోటలు, ఐరోపా సామగ్రి, విందులు, అన్నీ అమర్చుకున్నాడు.

ఇక ఖర్దా యుద్ధం. ఇప్పటి మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ తాలూకాలో ఉన్నది ఆ ఊరు. చౌతు బకాయిల విషయమై నానా ఫడ్నవీసుకు, నిజాం దివాను అరస్తూ జాకు మధ్య మాటలు ముదిరి, 1795 మార్చి 11న రెండు సైన్యాలు అక్కడ తలపడ్డాయి. నిజాం ముందుగా ఆంగ్లేయుల సాయం కోరాడు. మూడేండ్ల క్రిందట టిప్పుపై యుద్ధంలో తమతో కలిసి నడచిన మిత్రుడే అయినా, గవర్నరు జనరల్ సర్ జాన్ షోర్ తటస్థంగా ఉంటానన్నాడు. హైదరాబాదులో ఉన్న కుంపిణీ పటాలాలు కూడా యుద్ధానికి రాలేదు. భారమంతా రేమండ్ మీద పడింది. విచిత్రమేమంటే ఎదుటి పక్షంలో సింధియా పటాలాలను నడిపినవాడు పెరాన్. ఆయనా ఫ్రెంచివాడే. తమ దేశంలో రాజు తల తెగిపడి రెండేండ్లు గడిచిన సమయంలో, ఆ దేశపు ఇద్దరు బిడ్డలు దక్కను మైదానంలో ఇద్దరు ప్రభువుల జీతం తిని ఒకరిపై ఒకరు ఫిరంగులు ప్రేల్చుకున్నారు. చనిపోయిన సిపాయిలు మాత్రం ఇరువైపులా ఈ దేశపువారే.

ఆ సాయంత్రం వరకు రేమండ్ పదాతులు ముందుకే నడిచారు. చెదిరిపోయినది అశ్వదళం. నిజాం వెంట అంతఃపుర స్త్రీలు కూడా యుద్ధభూమికి వచ్చి ఉన్నారు. ఫిరంగి మోతకు వారు బెదరిపోగా, ప్రభువు వెనుకకు మరలవలసిందిగా ఆజ్ఞ పంపాడు. గెలుపు అందేంత దూరంలో ఉన్నదని తలచిన సేనానికి ఆ ఆజ్ఞ ఎలా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా ఆయన దళాన్ని వరుస చెదరకుండా వెనుకకు నడిపించాడు. చీకటిలో మాత్రం ఎవరో తుపాకీ కాల్చగా కలవరం పుట్టి సైన్యమంతా అల్లకల్లోలమైంది. నిజాం ఖర్దా చిన్న కోటలో దూరి, మరాఠాల ముట్టడిలో చిక్కి, నీరు కూడా దొరకని స్థితిలో సంధికి ఒప్పుకున్నాడు. దౌలతాబాదు దుర్గాన్ని వదలుకోవడం, మూడు కోట్ల రూపాయలు చెల్లించడం, దివాను అరస్తూ జాను బందీగా పూనా పంపడం ఆ సంధి షరతులలో ముఖ్యమైనవి. ఈ ఓటమిలో రేమండ్ ప్రతిష్ఠకు మచ్చ పడలేదు. పైగా పెరిగింది. నిలబడినవాడు ఆయన ఒక్కడే గనుక.

ఆంగ్లేయుల మీద కోపించిన నిజాం వారి పటాలాలను సెలవిచ్చి పంపివేశాడు. అదే సంవత్సరం జూన్‌లో పెద్ద కుమారుడు అలీ జా తిరుగుబాటు చేయగా, దానిని అణచినవాడు రేమండ్. పట్టుబడిన ఆ రాకుమారుడు హైదరాబాదు చేరకముందే మరణించాడు. అవమానం భరించలేక విషం త్రాగాడని చరిత్రకారులు వ్రాశారు. తండ్రి గద్దె నిలిచింది గాని, కన్నకొడుకుపై విదేశీ సేనానిని పంపవలసి రావడం ఆ గద్దె ఎంత బలహీనమో చెప్పకనే చెబుతున్నది. కంగారుపడిన నిజాం ఆ సమయంలోనే ఆంగ్ల పటాలాలను మళ్లీ పిలిపించుకున్నాడు. ఒక విదేశీయుని బలానికి విరుగుడుగా మరొక విదేశీయుని బలం ఉంచుకోవడం ఆయన రాజనీతి. అప్పటికి అది చతురతగానే కనబడింది.

రేమండ్ దళం మూడు రంగుల ఫ్రెంచి జెండా క్రింద కవాతు చేసేది. ఆయన అధికారుల బొత్తాముల మీద విప్లవకారుల స్వేచ్ఛా చిహ్నమైన టోపీ ముద్ర ఉండేది. రాజులను కూలదోసిన విప్లవపు గుర్తులు, ఒక రాజు గద్దెను కాపాడే సైన్యపు దుస్తుల మీద! నిజాం దర్బారుకు దాని అర్థం పట్టలేదు. ఆంగ్లేయులకు బాగా పట్టింది. 1793లోనే వారు పుదుచ్చేరిని ఆక్రమించుకున్నారు. కనుక ఈ దేశంలో ఆ జెండా సైన్యంతో సహా ఎగిరిన చోట్లలో హైదరాబాదు ముఖ్యమైనది. రేమండ్ సిపాయిలలో కొందరిని కడప వైపు పంపినప్పుడు, తమ కోస్తా సరిహద్దుకు చేరువగా ఫ్రెంచి తుపాకులు వచ్చాయని వారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. రేమండ్ నిజంగా విప్లవవాదియా? బిరుదు ధరించి, జాగీరు అనుభవించి, నవాబు వలె జీవించిన మనిషి సమానత్వాన్ని ఎంతగా నమ్మాడో చెప్పలేము. స్వదేశంపై భక్తి ఆయనకు ఉన్నమాట వాస్తవం. ఫ్రాన్సు సైన్యం ఎప్పటికైనా సముద్రం దాటి వస్తుందని, ఆ నాడు తన దళం దానికి తోడ్పడుతుందని ఆశించాడు. అదే సమయంలో తనను పోషించిన ప్రభువుకు ఆయన ద్రోహం చేసిన సందర్భం ఒక్కటీ లేదు. ఈ రెండు విధేయతలు ఎదురెదురుగా నిలిచే రోజు ఆయన జీవితకాలంలో రాలేదు. అది ఆయన అదృష్టమని మా అభిప్రాయం.

1797లో అరస్తూ జా పూనా చెర నుండి తిరిగివచ్చి మళ్లీ దివాను అయ్యాడు. ఆయన ఆంగ్లేయుల పక్షపాతి. రేమండ్‌కు పోటీగా ఫింగ్లాస్ అనే ఆంగ్లేయుని, బాయ్డ్ అనే అమెరికను అధికారిని కొలువులో నిలిపాడు. ఇంతలో 1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. అప్పటికి నలుబది మూడవ యేడు నడుస్తున్నది. విషప్రయోగమని ఊరంతా గుసగుసలు పోయింది. రుజువు ఏమీ లేదు. ఆ కాలంలో పెద్ద పదవిలో ఉన్నవాడు ముసలితనానికి ముందే పోతే ఆ మాట పుట్టడం సహజం గనుక మేము దానిని నమ్మమని గాని, నమ్మవద్దని గాని చెప్పము.

తరువాత జరిగినవి చాలా వేగంగా జరిగాయి. మే నెలలో వెల్లస్లీ గవర్నరు జనరల్‌గా కలకత్తా వచ్చాడు. జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. ఐరోపా యుద్ధం మళ్లీ మన గుమ్మంలోకి వచ్చినట్లయింది. సెప్టెంబరు 1న, హైదరాబాదులోని ఆంగ్ల రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ సాగించిన మంతనాల ఫలితంగా, నిజాం సైన్య సహకార ఒడంబడికపై సంతకం చేశాడు. ఆరువేల కుంపిణీ సిపాయిలు హైదరాబాదులో ఉండాలి, వారి ఖర్చు సాలుకు 24,17,100 రూపాయలు నిజాం భరించాలి, ఫ్రెంచి దళం రద్దు కావాలి. రేమండ్ స్థానంలోకి వచ్చిన పిరోన్‌కు ఆయన పలుకుబడి గాని, సిపాయిలపై పట్టు గాని లేదు. అక్టోబరు 22న కుంపిణీ పటాలాలు మూసీ ఒడ్డున ఫ్రెంచి శిబిరాన్ని చుట్టుముట్టాయి. దానికి ముందే సిపాయిలు జీతాల బకాయిల కొరకు తమ అధికారులనే నిర్బంధించి ఉన్నారు. పదేండ్లు పద్దు తప్పని దళానికి, పద్దు వ్రాసినవాడు పోయిన ఏడు నెలలకే బకాయి పడింది. బకాయిలు చెల్లిస్తామన్న మాటపై ఆ వేలాదిమంది కొన్ని గంటలలో తుపాకులు క్రింద పెట్టారు. నెత్తురు చుక్క రాలలేదు. ఫ్రెంచి అధికారులను బందీలుగా ఓడలెక్కించి పంపివేశారు.

ఆ రోజున పోయినది ఫ్రెంచివారి ఆశ ఒక్కటే కాదు. నిజాం తనదని చెప్పుకోదగిన సైన్యం కూడా పోయింది. తరువాత కుంపిణీ సైన్యపు ఖర్చు పెరిగింది. 1800 అక్టోబరు నాటి కొత్త ఒడంబడికతో ఆ ఖర్చు క్రింద, టిప్పు రాజ్యం నుండి తన వాటాకు వచ్చిన కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను నిజాం కుంపిణీకి వదలుకున్నాడు. దత్త మండలాలని ఒకప్పుడు, రాయలసీమ అని తరువాత మనం పిలిచిన భూమి అలా చేతులు మారింది. తెలంగాణ, రాయలసీమ ప్రజలు నూట యాబది యేండ్లకు పైగా రెండు వేర్వేరు ప్రభుత్వాల క్రింద, రెండు వేర్వేరు పాలనా భాషలలో బ్రతకడానికి ఈ జీతాల పద్దు ఒక కారణమన్నది చరిత్ర విద్యార్థులు గమనించదగిన సంగతి. రేమండ్ మరికొంత కాలం బ్రతికి ఉంటే ఇది జరిగేది కాదని వాదించేవారున్నారు. మేము అంత దూరం పోలేము. కిరాయికి తెచ్చిన బలం ఎవరిదైనా, దాని కిరాయి ఒకనాడు భూమి రూపంలో చెల్లించవలసి వచ్చేదే. బుస్సీ సర్కారులను తీసుకున్నదీ సరిగా ఇదే పద్దు క్రింద.

1799లో కుంపిణీ సైన్యం శ్రీరంగపట్నంపై నడిచినప్పుడు నిజాం పక్షాన దాని వెంట వెళ్లిన పదాతులలో రేమండ్ తర్ఫీదు చేసిన సిపాయిలే చాలమంది. కవాతు అదే. ఆజ్ఞ ఇచ్చే గొంతు మారింది.

కిర్క్‌పాట్రిక్ కోఠీలో కట్టించిన రెసిడెన్సీ భవనం తరువాతి కాలంలో మహిళా కళాశాల అయింది. రేమండ్ సమాధి ఆస్మాన్‌గఢ్ సమీపంలో ఒక మిట్ట మీద ఉన్నది. విశాలమైన అరుగు మీద నల్లరాతి స్తంభం ఇరువది అడుగులకు పైగా ఎత్తున నిలిచి ఉంటుంది. ప్రక్కనే గ్రీకు పద్ధతిలో స్తంభాలతో కట్టిన మంటపం. ఈ మంటపం 2001లో వర్షాలకు కూలిపోగా తిరిగి నిర్మించారు. ఒకప్పుడు ప్రతి మార్చి 25న అక్కడ ఉర్సు వంటి ఉత్సవం జరిగేది. హిందువులు, ముస్లిములు కూడా వచ్చి దీపాలు, ఊదువత్తులు వెలిగించేవారు. నిజాం సికందర్ జా ఏటా ఆ రోజున ఒక పెట్టె చుట్టలు, ఒక సీసా బీరు సమాధికి పంపేవాడని కూడా చెబుతారు. ఊదువత్తుల సరసన చుట్టలు కొంచెం వింతగానే ఉంటాయి గాని, పోయినవారికి ఇష్టమైనది సమాధి వద్ద ఉంచడం మన రెండు సంప్రదాయాలకూ తెలియని పద్ధతి కాదు. ఆ ఉత్సవం ఇరువదవ శతాబ్దపు నడుమనే సన్నగిల్లింది.

ఆ స్తంభం మీద వంశావళి లేదు, బిరుదు లేదు, ప్రశంసా శ్లోకం లేదు. జె.ఆర్. అన్న రెండు రోమను అక్షరాలు మాత్రం చెక్కి ఉన్నాయి.